కురిక్యాల గుట్టమీది కందాలు

ఉత్తర తెలంగాణలో తీర్థయాత్ర అనగానే మూడు పేర్లు వెంటవెంటనే వినబడతాయి: వేములవాడ, కొండగట్టు, ధర్మపురి. శివరాత్రికి వేములవాడలో కాలు మోపడానికి చోటుండదు. కోడెమొక్కు చెల్లించేవారి వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. మంగళ, శనివారాలు వచ్చాయంటే కొండగట్టు అంజన్న దగ్గరా అంతే. 2015 గోదావరి పుష్కరాలనాటి ధర్మపురిని చూచినవారికి జనసందోహమనే మాటకు అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. వేలాదిమంది ఈ మూడు క్షేత్రాలనూ ఒకే ప్రయాణంలో చుట్టి, ప్రసాదపు పొట్లాలతో, అలసిన కాళ్లతో ఇల్లు చేరుకొంటారు. వారిలో చాలామంది కరీంనగరు నుండి జగిత్యాల పోయే రోడ్డుమీద గంగాధర మండలాన్ని దాటిపోతారు. ఆ మండలంలో కురిక్యాల అనే ఊరున్నదని, ఆ ఊరి దాపున ఒక గుట్ట ఉన్నదని, ఆ గుట్టమీద మన భాషకు సంబంధించిన ఒక పెన్నిధి ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉన్నదని వారిలో ఎందరికి తెలుసు?

క్షేత్రదర్శనాన్ని నేను తక్కువ చేయడం లేదు. దేవుని చూడడానికి పోయేవాడు జనాన్ని లెక్కచేయడు, చేయనక్కరలేదు. కాని సెలవు దొరికితే ఏదైనా ఊరు చూచి రావాలని, పిల్లలకు చరిత్ర చూపాలని అనుకొనే మిత్రులు కూడా అందరూ పోయే చోటికే పోయి, అందరూ తీసే ఫోటోనే తీసుకొని, అలసి తిరిగివస్తున్నారు. అటువంటి మిత్రులకు కురిక్యాల కథ చెప్పాలని ఈ టపా.

కురిక్యాలవద్ద ఉన్న ఆ కొండకు బొమ్మలగుట్ట అని పేరు. బొమ్మలమ్మ గుట్ట అని కూడా అంటారు. గుట్టమీద నిలువుగా ఉన్న రాతిముఖాన జైనమూర్తులను చెక్కారు. తీర్థంకరులున్నారు, వారితోపాటు చక్రేశ్వరీదేవి ఉన్నది. జైనసంప్రదాయంలో చక్రేశ్వరి మొదటి తీర్థంకరుడైన ఋషభనాథునికి శాసనదేవత, అంటే ఆ తీర్థంకరుని సేవించే యక్షి. చేతుల్లో చక్రాలు, గరుడవాహనం ఆమె లక్షణాలు. ఋషభుడనే పేరుకే వృషభుడని మరో రూపం. ఈ కొండను అక్కడి శాసనం వృషభాద్రి అని పేర్కొనడంలోని ఔచిత్యం దీనివల్ల బోధపడుతుంది. బొమ్మల దగ్గరే, ఆ రాతిమీదనే శాసనమున్నది. దానిని వేయించినవాడు జినవల్లభుడు. కాలం క్రీ.శ. పదవ శతాబ్ది నడిమి భాగం. సామాన్యంగా 945 ప్రాంతమని చెబుతారు.

జినవల్లభుడెవరు? కన్నడ సాహిత్యంలో ఆదికవిగా కీర్తి పొందిన పంపనికి తమ్ముడు.

ఈ అన్నదమ్ములు సబ్బినాటికి ఎలా వచ్చారో తెలియాలంటే ముందు వేములవాడ చాళుక్యుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. బాదామి చాళుక్యులు, కల్యాణి చాళుక్యులు, వేంగి చాళుక్యులు పాఠ్యపుస్తకాలలో దొరుకుతారు. వేములవాడ చాళుక్యులకు అక్కడ దొరికేది ఒకటి రెండు వాక్యాలే. వీరు రాష్ట్రకూటులకు సామంతులు. మొదట బోధనులో, అంటే ఆనాటి పోదనంలో ఉండి, తరువాత వేములవాడను రాజధాని చేసుకొన్నారు. ఆ ఊరికి ఆనాటి పేరు లేంబులవాటిక. వీరి వంశంలో బద్దెగుడనే రాజుకు సోలదగండడని బిరుదు. ఓటమి ఎరుగని వీరుడని అర్థం. నలభైరెండు యుద్ధాలు గెలిచాడని ప్రశస్తి. ఆ వంశంలోని రెండవ అరికేసరి పదవ శతాబ్ది రెండవ పాదంలో ఏలినవాడు. నేటి కరీంనగరు ప్రాంతాన్ని ఆనాడు సబ్బినాడు అనేవారు. రాజ్యం చిన్నదే. కాని ఆ చిన్న రాజ్యపు నీడలో ఒక తరంలో పుట్టిన సాహిత్యాన్ని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

అరికేసరి ఆస్థానంలో పంపడు రెండు మహాకావ్యాలు రచించాడు. ఒకటి ఆదిపురాణం, 941లో పూర్తయినది. అది ఆ మొదటి తీర్థంకరుడైన ఋషభనాథుని కథ. రెండవది విక్రమార్జునవిజయం. దీనినే పంపభారతమంటారు. తన ప్రభువైన అరికేసరిని అర్జునునితో పోల్చి భారతకథను నడిపాడు. మెచ్చిన రాజు ధర్మవురమనే అగ్రహారమిచ్చాడు. అది నేటి ధర్మపురియే అని చెప్పేవారు పలువురున్నారు. అరికేసరి తరువాతి తరంలో సోమదేవసూరి అనే జైనాచార్యుడు యశస్తిలకమనే సంస్కృత చంపూకావ్యాన్ని 959లో ముగించాడు. అది గంగాధారలో పూర్తయినదని ఆయనే చెప్పుకొన్నాడు. ఆ గంగాధార మన గంగాధరయే అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. 966 నాటి పర్భణి తామ్రశాసనం ఆ సోమదేవసూరికి వేములవాడలోని జినాలయం నిమిత్తం ఒక గ్రామాన్ని దానమిచ్చిన సంగతి చెబుతుంది. కన్నడంలో మహాకావ్యాలు, సంస్కృతంలో చంపువు, వీటి నడుమ తెలుగులో కందపద్యాలు. అన్నీ పాతికేళ్ల వ్యవధిలో, ఒక పూటలో బస్సుమీద చుట్టిరాగల నేలమీద పుట్టాయి.

ఇక బొమ్మలగుట్ట శాసనం. దీనివల్ల మొదట మనకు తెలిసేది ఒక కుటుంబ చరిత్ర. పంపని పూర్వులు వేంగినాటివారు, కమ్మనాటిలోని వంగిపఱ్ఱు మూలస్థానంగా గలవారు. శ్రీవత్సగోత్రులైన బ్రాహ్మణులు. తండ్రి భీమపయ్య జైనమతాన్ని అవలంబించాడు. తల్లి అబ్బణబ్బె. ఆమెది కన్నడదేశం. బెళ్వొల ప్రాంతంలోని అణ్ణిగెరెకు చెందిన జోయిస సింగడనే జ్యోతిష్కుని మనుమరాలు. తండ్రివైపు కృష్ణాతీరపు తెలుగునాడు, తల్లివైపు ధారవాడ ప్రాంతపు కన్నడనాడు, బ్రతుకుతెరువు గోదావరికి దక్షిణాన ఉన్న సబ్బినాడు. ఇదీ ఆ ఇల్లు. ఆ ఇంటిలో పిల్లలు ఏ భాష మాట్లాడి ఉంటారు? రెండూ మాట్లాడి ఉంటారు. పెద్దవాడు ఒక భాషలో మహాకవి అయినాడు. చిన్నవాడు రాతిమీద ఇద్దరి భాషలనూ, వాటితోపాటు సంస్కృతాన్నీ పక్కపక్కనే నిలిపాడు.

పంపడు తెలుగువాడా, కన్నడిగుడా అని మనలో కొందరు, అటువైపు మిత్రులు కొందరు తీవ్రంగా వాదులాడుకోవడం చూచినప్పుడల్లా నాకు ఈ శాసనం గుర్తుకు వస్తుంది. వాదించేవారందరినీ ఒకే బండిలో ఎక్కించి కురిక్యాలకు తీసుకొనిపోతే సగం వాదం గుట్ట దిగువనే ఆగిపోతుంది. పైకెక్కి చూస్తే మూడు భాషలకూ లిపి ఒక్కటే. పదవ శతాబ్దినాటికి తెలుగులిపి, కన్నడలిపి విడిపోలేదు. కనుక కంటికి అదంతా ఒక్క చేతివ్రాతలాగే ఉంటుంది. ఎక్కడ సంస్కృతం ముగిసి కన్నడం మొదలైనదో, ఎక్కడ కన్నడం ముగిసి తెలుగు మొదలైనదో కన్ను చెప్పలేదు. చదివి వింటే చెవి చెబుతుంది.

శాసనంలో ఇంకొక విషయమున్నది. చరిత్రగ్రంథాలు దానిని ఒక వాక్యంలో దాటిపోతాయి కాని, నాకు మాత్రం అది చాలా ఇష్టమైన సంగతి. జినవల్లభుడు ఈ కొండమీద ఆదితీర్థంకరుని, అంత్యతీర్థంకరుని, చక్రేశ్వరిని చెక్కించాడు. త్రిభువనతిలకమనే బసదిని కట్టించాడు. మదనవిలాసమనే తోట వేయించాడు. ఒక చెరువు త్రవ్వించాడు. ఆ చెరువుకు పెట్టిన పేరు కవితాగుణార్ణవం. అది అతని అన్నగారైన పంపని బిరుదు. గుణార్ణవుడని అరికేసరికి బిరుదున్నది, కవితాగుణార్ణవుడని పంపనికి. అర్ణవమంటే సముద్రం. అన్నను కవితాగుణాలకు సముద్రమని లోకం పొగిడితే, తమ్ముడు ఆ సముద్రాన్ని తెచ్చి ఊరి చెరువులో నింపాడు! పొలానికి పారే నీటికి, పశువులు త్రాగే నీటికి అన్న పేరు పెట్టుకొన్నాడు. తండ్రిపేర, తల్లిపేర చెరువులు త్రవ్వించిన శాసనాలు తెలుగుదేశంలో కొల్లలు. అన్నగారి కవితాబిరుదాన్ని చెరువుకు పెట్టిన తమ్ముని నేను మరొకచోట ఎరుగను. ఆ చెరువు ఏదో, ఆ తోట ఏ దిక్కున ఉండేదో చూపగలవారు ఊరిలో నాకు కనబడలేదు. కవితాగుణార్ణవమన్న పేరు మాత్రం రాతిమీద నిలిచి ఉన్నది.

ఇప్పుడు తెలుగు పద్యాల సంగతి. శాసనంలో మూడు తెలుగు కందాలున్నాయి. తెలుగులో మనకు దొరికినంతలో తొలి కందపద్యాలు ఇవే.

కందమంటే మనవారికి కొత్తగా చెప్పనక్కరలేదు కాని, ఛందస్సు పరిచయం లేని చిన్నవారికోసం నాలుగు మాటలు. కందంలోని గణాలన్నీ నాలుగేసి మాత్రలవి. గగ, భ, జ, స, నల అని ఐదు రకాలు. ఒకటవ, మూడవ పాదాలలో మూడేసి గణాలు, రెండవ, నాలుగవ పాదాలలో ఐదేసి గణాలు. మాత్రలు లెక్కించితే 12, 20, 12, 20. మొత్తం 64. రెండేసి పాదాలను కలిపి ఎనిమిది గణాలుగా లెక్కించినప్పుడు బేసిస్థానాలలో జగణం రాకూడదు. ఆరవ గణం జగణమో నలమో కావాలి. రెండవ, నాలుగవ పాదాల చివర గురువుండాలి. ఆ పాదాలలోనే మొదటి గణానికి, నాలుగవ గణానికి యతి కుదరాలి. నాలుగు పాదాలకూ ప్రాస ఉండాలి. మొదటి పాదం లఘువుతో మొదలైతే నాలుగూ లఘువుతోనే మొదలుకావాలి, గురువైతే నాలుగూ గురువుతోనే. ఇన్ని కట్టుబాట్లుండబట్టే కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అని మన పెద్దలు సామెత చేశారు.

జినవల్లభుని మూడు కందాలలో మొదటి రెండింటికి ప్రాస నకారం. ఆ రెండూ లఘువుతో మొదలవుతాయి. మూడవదానికి ప్రాస ద్విత్వ కకారం, కనుక అది గురువుతో నడుస్తుంది. మొదటి పద్యంలో జినాలయాలెత్తించడం, పూజలు చేయడం, మునులకు అన్నదానం చేయడం చెప్పి, ధర్మపరులలో ఇతనితో సాటిరాగలవారెవరని ప్రశ్నిస్తాడు. రెండవది కవులవైపు తిరుగుతుంది. మూడవదాని భావం ఇది: లోకంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క గుణం ఉంటే ఉంటుంది, ఇతనికి గుణాలు లెక్కకు అందవు. ఆత్మస్తుతి కాదా అంటే, అవును. శాసనమన్న తరువాత స్తుతి లేకుండా ఉండదు. మనకు కావలసినది ఆ స్తుతి ఏ తీరున చెప్పబడినదన్నది. మూడవ పద్యంలో ఒకే మాట మరల మరల వచ్చి చెవికి చేసే సందడి చూడండి. ప్రాసను వెతుక్కొని అతికించినవాని చేయి కాదది. కందం నాలుకమీద ఆడుతున్నవాని చేయి. అంటే ఈ మూడూ తెలుగులో దొరికిన మొదటి కందాలే కాని, పుట్టిన మొదటి కందాలు కావు. వీనికి ముందు ఎన్నో కందాలను ఎందరో చెప్పి, విని, మరచి ఉండాలి. తాటాకుకెక్కినవి చెదలపాలైనవి. నోటనే నిలిచినవి ఆ నోళ్లతోపాటే పోయాయి. రాతికెక్కినవి నిలిచాయి.

నన్నయకు ముందు తెలుగులో పద్యం లేదా అన్న ప్రశ్నకు శాసనాలు ఎప్పుడో సమాధానం చెప్పాయి. అద్దంకిలో గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని శాసనంలో తరువోజ ఉన్నది. దాని కాలం 848 అని చెబుతారు. బెజవాడలో యుద్ధమల్లుని శాసనంలో మధ్యాక్కరలున్నాయి. అది పదవ శతాబ్ది తొలిభాగానిది. తరువోజ, మధ్యాక్కర దేశిఛందస్సులు, పాటకు దగ్గరైనవి. కందం అట్లా కాదు. ప్రాకృతంలోని స్కంధకం నుండి వచ్చి, కన్నడ చంపువులలో స్థిరపడి, తెలుగులో మన సొంత పద్యమైపోయినది. వేంగినాటినుండి వచ్చి కన్నడ తల్లికి పుట్టిన ఇంటిలోనే మన తొలి కందం దొరకడంలో వింతేమీ లేదు. జినవల్లభుని తరువాత ఒక శతాబ్దికి రాజమహేంద్రవరంలో నన్నయ భారతాన్ని ఆరంభించాడు. ఆయన కావ్యంలో కందం ఎంత పెద్దపీట వేసుకొని కూర్చున్నదో భారతం తెరిచినవారికి తెలుసు. నన్నయ ఆదికవి అన్న మాటకు బొమ్మలగుట్ట వలన లోటేమీ రాదు. అంత తీర్చిన పద్యవిద్య ఆయనకు అందే నాటికి దాని వెనుక ఎంత నడక ఉన్నదో మాత్రం ఈ గుట్ట చూపుతుంది. పంపడు భారతాన్ని కన్నడంలో చెప్పిన వందేళ్లకు తెలుగు భారతం మొదలైనదన్న సంగతి కూడా ఈ సందర్భంలో తలచుకోవలసినదే.

2008లో కేంద్రప్రభుత్వం తెలుగుకు, కన్నడానికి ప్రాచీనభాష హోదా ఇచ్చింది. ఆ చర్చల్లో కురిక్యాల పేరు కూడా వినవచ్చింది. పేరు వినబడినంతగా కాళ్లు అటు కదలలేదు.

ఇక అక్కడికి పోవడం గురించి. కరీంనగరు నుండి గంగాధర వైపు బస్సులకు కొదవలేదు. ఊరిలో దిగిన తరువాత వరిపొలాల గట్లు, తాటిచెట్లు, బండరాళ్లు. గుట్ట ఎక్కడం అంత తేలిక కాదు. నావంటి అరవై దాటినవారు నెమ్మదిగా, పట్టు చూసుకొంటూ, చేతికర్రతో ఎక్కాలి. మేము పోయిననాడు దారిలో గొర్రెలు కాస్తున్న ఒక పెద్దాయన ఎదురై, "బొమ్మలమ్మకు మొక్కేతందుకు వచ్చిండ్రా సారూ?" అని అడిగాడు. శాసనం చూడడానికి వచ్చామన్నాను. "గా రాతలా? గవి సదివెటోళ్లు ఎప్పుడన్న ఒకరిద్దరు వస్తరు. మొక్కెటోళ్లే మా ఊరోళ్లు" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టవలసినది లేదు. చరిత్ర అంతా అందులోనే ఉన్నది. జైనం ఈ నేలను విడిచి ఎన్నో శతాబ్దాలైనది. చక్రేశ్వరి అన్న పేరు ఊరు మరచిపోయినది. ఋషభుని మరచిపోయినది. జినవల్లభుని, పంపని మరచిపోయినది. కాని రాతిలో ఉన్న తల్లిని మరువలేదు. ఆమెకు బొమ్మలమ్మ అని తన భాషలో పేరు పెట్టుకొని, పసుపుకుంకుమలతో దగ్గరికి తీసుకొన్నది. పండితుడు వచ్చి చదివేదాకా ఆ రాతను కాపాడినది పండితుడు కాదు, ఆ మొక్కు.

పైన నిలబడి చూస్తే గాలి చప్పుడు, ఎక్కడో ట్రాక్టరు, పక్షులు. ఎవరూ మనలను త్రోయరు. సమయమైపోయినదని ఎవరూ గదమాయించరు. వేములవాడలో భీమేశ్వరాలయాన్ని చూడబోయినప్పుడు, బద్దెగుని పేర బద్దెగేశ్వరంగా ప్రసిద్ధమైన గుడి అది అని పక్కవారితో చెప్పబోతే వరుస కదిలిపోయింది, నా వాక్యం సగంలో నిలిచింది. ఇక్కడ ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగవచ్చు. కొమ్ము ఎట్లా తిరిగిందో, తలకట్టు ఎట్లా పెట్టాడో చూచి పోల్చుకోవచ్చు. మాత్రలు వ్రేళ్లమీద లెక్కించుకోవచ్చు. రద్దీలేని చోటు వల్ల కలిగే లాభం హాయి ఒక్కటే కాదు. చదవడానికి తీరిక దొరకడం అంతకంటె పెద్ద లాభం. శాసనం చూచేది కాదు, చదివేది. చదువుకు నిశ్శబ్దం కావాలి.

ఆ నిశ్శబ్దానికి ఒక ప్రమాదం కూడా ఉన్నది. కరీంనగరు ప్రాంతపు గుట్టలు గ్రానైటుకు పేరుపడ్డవి. ఇక్కడి గోధుమవన్నె రాయి టాన్ బ్రౌన్ అనే పేరుతో దేశాంతరాలకు పోతుంది. రైలెక్కి కాకినాడ రేవుకు, అక్కడినుండి ఓడలలో చైనాకు చేరుతుంది. జిల్లాలో తిరిగేవారికి సగం కోసిన గుట్టలు, నీరు నిలిచిన గోతులు కనబడుతూనే ఉంటాయి. బొమ్మలగుట్ట పరిసరాలలో తవ్వకాలు, పేలుళ్లు సాగినప్పుడు శిల్పాలకు, శాసనానికి ముప్పు వస్తుందని ఊరివారు, చరిత్ర తెలిసినవారు గొంతెత్తారు. పత్రికలు వ్రాశాయి. గొంతెత్తినవారికి ఈ గుట్టమీద ఏమున్నదో తెలుసు. తెలియనివానికి అది ఇన్ని ఘనపు మీటర్ల రాయి. వాని లెక్కలో తప్పులేదు. మన లెక్కను ఎవరూ వానికి చెప్పలేదు, అంతే. గుట్టను కోసే యంత్రానికి బసది తెలియదు, పంపడు తెలియదు. తెలిసిన మనిషి ఒకడు అడ్డు నిలబడితేనే ఆగుతుంది. అడ్డు నిలబడాలంటే వాడు ఒక్కసారైనా అక్కడికి పోయి చూచి ఉండాలి.

కనుక మారుమూల ఊరిని చూడడానికి పోవడం వినోదం మాత్రమే అని నేననుకోను. వేములవాడ గుడిని కాపాడడానికి లక్షలమంది ఉన్నారు. అక్కడ ఒక రాయి కదిలితే రాష్ట్రమంతా కదులుతుంది. కురిక్యాలకు ఎవరున్నారు? ఆ ఊరివారు, ఆ గొర్రెల కాపరి, ఎప్పుడన్నా వచ్చే ఒకరిద్దరు. ఆ ఒకరిద్దరు పదిమంది కావాలి.

అందరూ పోతే అదీ వేములవాడలాగే అవుతుంది కదా, కొబ్బరిచిప్పలు, ప్లాస్టిక్ సీసాలు, రాతిమీద ప్రేమికుల పేర్లు అక్కడికీ చేరుతాయి కదా అని కొందరు మిత్రులు అనవచ్చు. ఆ భయం న్యాయమైనదే. పేరు చెక్కుకొనే చేతులు ఊరికి ఊరే ఉంటాయి. అయినా నేను కోరేది గుంపును కాదు. కందం చదవగలిగిన నలుగురిని, చదవడం నేర్చుకోదలచిన పదిమంది పిల్లలను. బడిపిల్లల విహారయాత్రను ఎప్పుడూ ఆనకట్టకో జంతుప్రదర్శనశాలకో తీసుకొనిపోయే ఉపాధ్యాయ మిత్రులు ఒక్కసారి ఇటు చూడవలసినదిగా నా మనవి. సుమతి శతకంలోని పద్యాలన్నీ కందాలే. తెలుగు పిల్లలు తరతరాలుగా మొదట నోటికి పట్టిన పద్యాలవి. సుమతి పద్యం గడగడ ఒప్పజెప్పే పిల్లవాడు ఆ పద్యానికి పెద్దతాతవంటి పద్యం ఎదుట నిలబడి, ఇదీ అదే నడక అని కనిపెట్టితే, ఛందస్సు పాఠం వాడికి మళ్లీ చెప్పవలసిన పని ఉండదు.

పోయేవారికి కొన్ని సూచనలు. చలికాలం మేలు. వేసవిలో ఆ బండ కాలుతుంది. వానాకాలంలో జారుతుంది. మంచినీళ్లు వెంట తీసుకొనిపోండి, ఖాళీ సీసా వెంటనే తెచ్చుకోండి. ఊరిలో ఒకరినైనా పలకరించి, తోడు తీసుకొని ఎక్కండి. దారి వారికి తెలిసినట్లు మనకు తెలియదు, పైగా ఆ గుట్ట వారిది. అక్షరాలు స్పష్టంగా కనబడాలని సుద్దముక్కతో రుద్దడం, నూనె పూయడం చేయకండి. ఎండ ఏటవాలుగా పడే వేళకోసం వేచి చూడండి, నీడలే అక్షరాలను పైకి లేపుతాయి. శాసనపాఠాన్ని ముందే అచ్చుపుస్తకంలో చదివి, ఒక కాగితంమీద వ్రాసుకొనిపోతే రాతిమీద పోల్చుకోవడం సులభం. తిరిగివచ్చిన తరువాత చూచినదానిని యూనికోడులో వ్రాసిపెట్టండి. పాత శాసనాలను అక్షరం పోకుండా వ్రాయడానికి ఇప్పుడు మనకు వసతులు పెరిగాయి. రేనాటి శాసనాలలో కనబడే ఴ అనే అక్షరం కూడా 2014లో యూనికోడులో చేరినది. శాసనపాఠాలను ఎవరికి వారు తమకు తోచినట్లు దిద్దకుండా, ఉన్నదున్నట్లు ఎక్కించడం మనబోటి వారు చేయగల చిన్న సేవ.

బస్సు దిగేటప్పుడు మాత్రం బొమ్మలమ్మ గుట్ట ఎటు అని అడగండి. జినవల్లభుని గుట్ట అంటే ఎవరికీ తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు దారి చూపినవారికి ఆ అన్నదమ్ముల కథ చెప్పి రండి, చెరువు పేరుతో సహా.